పచ్చితోలు కట్టు

ధనంజయ జీపు కింద వెల్లకిలా పడుకుని పొద్దుటి నుంచి ఇనప పట్టీకి బోల్టులు బిగిస్తున్నాడు. ఇంత ఓపికగా అతను ఆ బండి కింద పనిచేయడం ఇదే మొదటిసారి. ఈ ఓపిక నెల ముందు ఉండి ఉంటే చెల్లెలి మొగుడు ఎల్లప్ప బతికి ఉండేవాడు. ఆ సంగతి సత్యవేడు మొత్తంలో అతనొక్కడికే తెలుసు.

యుద్ధం ముగిశాక మద్రాసులో మిలిటరీ బళ్లు వేలం వేస్తే, బొగ్గుల కాంట్రాక్టరు మునిరామయ్య ఈ జీపును పాడుకొచ్చాడు. అడవిలో బండరాళ్లు అడుగుకు తగులుతున్నాయని గోల పెట్టి, ధనంజయ చేత కమాను పట్టీలు ఎక్కువ వేయించి బండిని బెత్తెడు పైకి లేపించాడు. బండి లేచింది గానీ, చక్రాలకు బ్రేకు నూనె మోసే రబ్బరు గొట్టాలు దాంతోపాటు సాగవు కదా. చక్రం గుంతలో దిగినప్పుడల్లా తెగిపోతాయేమో అన్నట్టు బిగుసుకునేవి. పొడుగు గొట్టాలు మద్రాసులో కూడా దొరకలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. గొట్టం పై కొసను బెత్తెడు కిందికి దించి, ఇనప పట్టీతో చట్రానికి బిగించాలి. చేతి బర్మాతో రంధ్రాలు తొలుచుకుంటే ఒక పూట పని.

ఆ పూట మునిరామయ్య ఇవ్వలేదు. పొద్దుగూకేలోగా బండి కావాలని నెత్తిన కూర్చున్నాడు. ధనంజయ వాళ్లది తాతల నుంచీ ఎద్దుబండ్లు చేసిన ఇల్లు. నానబెట్టిన పచ్చితోలును బిగించి చుట్టి ఎండబెడితే ఇనుముకు తీసిపోదని ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. చెక్క దిమ్మె ఒకటి పెట్టి, గొట్టాన్ని దానికి ఆనించి, పచ్చితోలు చుట్టి, ఎండలో ఆరబెట్టి చేతులు దులుపుకున్నాడు. రెండు రోజుల్లో ఇనప పట్టీ వేస్తానని తనకు తానే మాటిచ్చుకున్నాడు. వేయలేదు. వేరే పనులు అడ్డం వచ్చాయి, తోలు రాయిలాగా ఎండి ఉంది, ఇంకేం తొందర?

ఎద్దుబండి వాగులో దిగి తోలు నానినా ఎద్దులు ఆగమంటే ఆగుతాయి. జీపు ఆగదు. మొదటి వానలు పడిన వారం, ఆ జీపు తోలే ఎల్లప్ప బొగ్గు మూటలతో వాగు దాటి కొండ దిగుతుంటే, నానిన కట్టు జారి, గొట్టం టైరుకు రాసుకుని తెగింది. బ్రేకు పడక బండి లోయలో పడింది. బండిని లోయలోంచి తాళ్లతో లాగిన రోజు అందరికంటే ముందు దాని కిందికి దూరింది ధనంజయే. వేలాడుతున్న తోలును కత్తితో కోసి పంచెలో దోపుకున్నాడు. ఎల్లప్ప తాగి తోలాడని ఊరు తేల్చేసింది. సాయంత్రాలు అతను కల్లంగడికి పోయే మాట నిజమే గానీ, బండి ఎక్కేముందు చుక్క ముట్టేవాడు కాదు. ఆ మాట ధనంజయ ఎవరికీ చెప్పలేదు. సిగ్గులేని నోరు తనది.

మధ్యాహ్నం చెల్లెలు గంగులమ్మ సంగటి తెచ్చింది.

"అయిపోయిందా అన్నా?"

"అయిపోవస్తా ఉండాది."

"రేపట్నుంచి జయరాముకు బండి ఇస్తానన్నాడు మునిరామయ్య." జయరామ్ ఎల్లప్ప తమ్ముడు. ఆ ఇంట్లో ఇక సంపాదించే మగవాడు అతనే. "కల్లు ముట్టనని ఒట్టేయించుకున్నా. వాళ్లన్న మాదిరి సేస్తాడేమోనని నా భయం."

ధనంజయ రెంచి కింద పెట్టాడు. చచ్చినవాణ్ణి పెళ్లాం చేతే తిట్టిస్తున్నాడు తను. మెల్లగా బయటికి జరిగి లేచి కూర్చున్నాడు.

"బావ తాగలేదమ్మే."

ఆమె చూసింది.

"బ్రేకు తెగింది. నేను తోలుతో కట్టినా. నానితే జారతాదని తెలిసే కట్టినా. ఇప్పుడేసిన ఈ ఇనప పట్టీ ఆ పొద్దే ఏసుంటే..."

గంగులమ్మ కింద కూర్చుని, వంగి ఆ పట్టీని చూసింది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననిపించింది.

"ఇది ఎయ్యడానికి ఎంతసేపు పట్టింది?"

"ఒక పూట."

"ఒక పూట," అందామె. పట్టీని వేలితో తడిమి, "ఇంకెవురికైనా సెప్పినావా?" అని అడిగింది.

"లేదు. ఇప్పుడే పోయి అందరికీ సెప్తా. బావ పేరన్నా..."

"సెప్పబాక."

"అమ్మే..."

"సెప్తే నిన్ను పోలీసోళ్లు పట్టుకపోతారు. తప్పు బండిదని తెలిస్తే, కేసు తన మీదికొస్తాదని కోపంతో జయరాముకు పని ఇస్తాడా ఆయప్ప? నాకూ నా పిలకాయలకూ కూడు యాడిది? మా ఆయన తాగే సచ్చినాడు. అట్లే ఉండనీ." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతను పట్టుకోవడానికి అదొకటైనా దొరికేది.

సంగటి గిన్నె అక్కడే పెట్టి ఆమె వీధిలోకి నడిచింది. ఎదురింటి తాయమ్మ అరుగు మీద నుంచి పలకరించింది. "ఏమే గంగులూ, బండి బాగైందా?"

"బండికేముందత్తా, అది ఎప్పుడూ బాగానే ఉండాది," అంది గంగులమ్మ, వీధంతా వినేట్టు. "తాగి తోలితే ఏ బండైనా అంతే."

ధనంజయ విన్నాడు. మళ్లీ వెల్లకిలా జీపు కిందికి దూరి, మిగిలిన బోల్టు బిగించసాగాడు.