పేడ మీద చల్లిన మందు

"దీన్ని దొమ్మరోగం చంపలేదు, మీరు చంపారు" అంది గున్వోర్, కొట్టం ముందు టార్పాలిన్ కప్పి ఉన్న తన ఆవు లిల్యా కళేబరాన్ని చూపిస్తూ.

పశువైద్య శాఖ అధికారి తోర్‌స్టెన్ తలుపు దగ్గరే ఆగాడు. ఎండాకాలంలో మైరోస్ అనే ఆవు దొమ్మరోగంతో చచ్చినప్పుడు కొట్టం శుభ్రం చేయించింది అతనే. అతని మనుషులు పేడ గీకలేదు, నేల మీద పరిచిన చెక్కబల్లలు ఎత్తలేదు. పైపైన మందు చల్లి, ఇక భయం లేదన్నారు. ఆ మాట నమ్మి, తమ స్మోలాండ్ ప్రాంతంలో మంచు పడగానే ఆమె మిగిలిన ఆవుల్ని లోపల కట్టింది.

"మందు మంచిదేనమ్మా. ఆ రోగక్రిముల సిద్ధబీజాలు మొండివి, పేడలో, చెక్కలో దాక్కుని ఏళ్ల తరబడి బతుకుతాయి."

"మొండివని తెలిసే కదయ్యా మిమ్మల్ని పిలిచింది. ముసుగు తన్ని పడుకున్నవాడికి దుప్పటి మీదే నీళ్లు పోసి, స్నానం చేయించామన్నట్టుంది మీ పని."

అతని చూపు గోడ మీదికి పోయింది. ప్రతి ఆవు గాటి పైనా దాని పేరు చెక్కిన పలక ఉంటుంది. మైరోస్ పలక ఇంకా అక్కడే ఉంది.

"ఆ ఆవు గాటి దగ్గరున్న చెక్క సామానంతా మిమ్మల్ని కాల్చమన్నాం. మరి ఇదేమిటి?"

గున్వోర్ వెళ్లి పలక మీద చెయ్యి వేసింది. ఆ అక్షరాలు పోయిన భర్త చెక్కినవి. పలక ఊడదీసి అతని కాళ్ల ముందు పడేసింది.

"నా తప్పు ఇదిగో, కాల్చండి. ఇక మీ తప్పు చూడండి. బల్లలు పెకలించి కాల్చండి. పేడంతా గీకించండి. మందు ఆ తర్వాత. నా కళ్లముందు, ఇవాళే మొదలుపెట్టండి. అవతల నాలుగు ఆవులు మంచులో నిలబడి ఉన్నాయి."