ఫ్రేము ఖరీదు

చిన్నల్లుడికి పగ తీర్చుకోవడం చేతకాదని ఆ షాపింగ్ కాంప్లెక్సులో అందరూ అనుకునేవారు. కట్టుకున్న భార్య కూడా అదే అనుకునేది. మనిషి మెత్తన, గొంతు లేవదు, ఎవరైనా కాలు తొక్కితే తనే పక్కకు జరుగుతాడు. అలాంటివాడు ఏడాదిపాటు కడుపులో నిప్పు పెట్టుకుని తిరిగాడంటే, ఆ నిప్పు పెట్టినవాడు ఎంత ఘనుడై ఉండాలి! ఆ ఘనుడు ఎవరో కాదు, సాక్షాత్తూ తోడల్లుడు.

అత్తగారింట్లో మొదలైన పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలుపులు, ఇద్దరూ కలిసి కంప్యూటర్ల దుకాణం పెట్టాక బజారులోనూ స్థిరపడిపోయాయి. పెద్దల్లుడిది ముందు కౌంటరు. నవ్వుతూ పిలవడం, భుజం మీద చెయ్యి వేయడం, బిల్లు రాయడం అతని పని. చిన్నల్లుడిది వెనక బల్ల. ఆ బల్ల దగ్గరే దుకాణానికి పేరొచ్చింది.

ఆటలాడే కుర్రకారుకు గ్రాఫిక్స్ కార్డంటే ప్రాణం. తెర మీద బొమ్మ పరుగెత్తాలన్నా, నత్తనడక నడవాలన్నా దాని చేతిలోనే ఉంది. బాగా డబ్బున్నవాడు ఎవరినీ అడగకుండా అన్నింటికన్నా ఖరీదైనది ఎత్తుకుపోతాడు. ఏమీ లేనివాడు ఉన్నదానితో సర్దుకుంటాడు. చచ్చేదల్లా మధ్యరకం కార్డు కొనేవాడే. ఏడాది కూడబెట్టినది జేబులో పెట్టుకుని, నాలుగు దుకాణాలు తిరిగి, నలభైమందిని అడిగి, చివరికి ఎవడి మాటా నమ్మలేక జుట్టు పీక్కుంటాడు. వాళ్లంతా చిన్నల్లుడి బల్ల దగ్గరికి చేరేవారు. అతను వాళ్లు ఆడే ఆటే వాళ్ల కళ్లముందు నడిపించి, సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని బొమ్మలు, వస్తున్నాయో చూసి, కార్డు ధరను ఆ సంఖ్యతో భాగించేవాడు. "ఇందులో ఒక్కో ఫ్రేము మీకు ఇంత పడుతుంది. అందులో ఇంత పడుతుంది. ఇక మీ ఇష్టం" అనేవాడు. రానురాను జనం వంకాయల ధర అడిగినట్టు "అన్నా, ఈ కార్డు ఫ్రేము ఎంత?" అని అడగడం అలవాటు చేసుకున్నారు.

పెద్దల్లుడికి ఈ వ్యవహారం మింగుడు పడేది కాదు. కొనడానికి వచ్చినవాడికి లెక్క చెప్పడమేమిటి, అంటగట్టాలి గానీ! ఒకరోజు చిన్నల్లుడికి చెప్పకుండా కొన్ని పాత కార్డులు తెచ్చాడు. బిట్‌కాయిన్‌లాంటి డిజిటల్ నాణేలు సంపాదించడానికి ఎవరో షెడ్డులో రాత్రింబవళ్లు నడిపి పిప్పి చేసిన సరుకది. ఇంట్లోనే వాటిని తుడిచి, కొత్త ఫ్యాన్లు బిగించి, కొత్త పెట్టెల్లో పెట్టి సీలు వేశాడు. బల్ల దగ్గరికి రానివ్వకుండా కౌంటరు మీద నుంచే అమ్మేశాడు.

అవి నెల తిరక్కుండానే చచ్చాయి. కొత్త ఫ్యాన్ల కింద ఉన్నది పాత సరుకని తేలి, కొన్నవాళ్లు గుంపుగా వచ్చి దుకాణం మీద పడ్డారు. పెద్దల్లుడు ఒక్క క్షణం కూడా తడబడలేదు. వెనక బల్లవైపు వేలు చూపించాడు.

"నన్నేం చేయమంటారు? కార్డులన్నీ వీడి చేతిమీదుగా పోతాయి. సొంత తమ్ముడనుకున్నాను. నా కడుపు కొట్టాడు" అన్నాడు. అంటూ కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు.

చిన్నల్లుడు బల్ల వెనక నుంచి లేచి నిలబడ్డాడు. ఒకడు అతని చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకడు దొంగ అన్నాడు. అదంతా ఒక ఎత్తు. బడి అయిపోయాక నాన్న దగ్గర కూర్చుని ఆట ఆడుకుంటున్న అతని కూతురు చిట్టి, ఆట ఆపి, చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, ప్రతి మాటా వింది. అది ఇంకో ఎత్తు. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ ఆ పిల్ల ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"నాన్నా, పాత కార్డుకి కొత్త ఫ్యాను పెడితే నిజంగానే ఎవరికీ తెలీదా?"

"నేను చేయలేదు చిట్టీ" అన్నాడు.

"నువ్వు చేశావని నేనన్నానా?" అంది. కానీ మర్నాటి నుంచి అతని దగ్గరికి రావడం మానేసింది. ఇదివరకు పొద్దస్తమానం "నాన్నా ఇదేంటి, నాన్నా అదెందుకు" అని ప్రాణం తీసే పిల్ల, ఏం కావాలన్నా తల్లిని అడగడం మొదలుపెట్టింది. దుకాణంలో వాటా వదులుకుని బయటికి రావాల్సి వచ్చినందుకు చిన్నల్లుడు అంత బాధపడలేదు. ఆ పిల్ల కళ్లలో తను దొంగగా మిగిలిపోయినందుకు మాత్రం కుళ్లి కుళ్లి ఏడ్చాడు. పెద్దల్లుడి నోటితోనే, అదే దుకాణంలో, ఆ పిల్ల వింటుండగా నిజం చెప్పించాలి. అది జరిగేదాకా తనకు తిన్నది ఒంటబట్టదని తీర్మానించుకున్నాడు.

అదే కాంప్లెక్సు పై అంతస్తులో మెట్లపక్కన చిన్న గది తీసుకుని, కంప్యూటర్ల ఫ్యాన్లలో దుమ్ము దులపడం, చిప్పు వేడెక్కకుండా రాసే పేస్టు ఎండిపోతే గీకి కొత్తది రాయడం పనిగా పెట్టుకున్నాడు. దుకాణం విడిపోయినా, తను బతికుండగా అల్లుళ్లు రాకపోకలు మానడానికి వీల్లేదని అత్తగారు పట్టుబట్టింది కాబట్టి, ఆదివారం భోజనానికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోక తప్పేది కాదు. పెద్దల్లుడు ఏమీ జరగనట్టే మాట్లాడేవాడు. అలాంటివాళ్లకు అదో వరం.

పెద్దల్లుడికి ఇంకో గుణం కూడా ఉంది. ఏ కొత్త సరుకు దించాలన్నా ముందు చిన్నల్లుణ్ని అడుగుతాడు. అడిగి, చెప్పినదానికి సరిగ్గా ఎదురు చేస్తాడు. ఒకప్పుడు కార్డుల కరువు మొదలైన కొత్తలో చిన్నల్లుడు "ఇది పిచ్చి ధర, దిగుతుంది, ఆగుదాం" అన్నాడు. ఆ ధర దిగలేదు సరిగదా, రెట్టింపయింది. పక్క దుకాణంవాడు ఇల్లు కట్టుకున్నాడు. అప్పటినుంచి పెద్దల్లుడు "మా తమ్ముడు వద్దన్నాడంటే కళ్లు మూసుకుని కొనేయొచ్చు" అని పదిమందిలో నవ్వించేవాడు. రెండుసార్లు అలా కొని లాభపడ్డాడు కూడా. దాంతో అది జోకు స్థాయి దాటి నమ్మకమైపోయింది. ఎడ్డెమంటే తెడ్డెమనడమే వ్యాపార రహస్యమని ఖాయం చేసుకున్నాడు.

ఒక ఆదివారం భోజనాలయ్యాక పెద్దల్లుడు చెయ్యి కడుక్కుని వచ్చి చిన్నల్లుడి పక్కన కూర్చున్నాడు. ఎదురుగా చిట్టి అమ్మమ్మలా కాళ్లు పైకి పెట్టుకుని ఫోను చూసుకుంటోంది.

"తమ్ముడూ, హోల్‌సేలువాడు ఒక బేరం తెచ్చాడు. మధ్యరకం కార్డులే, ఎనిమిది జీబీ మెమరీవి. గోడౌను మొత్తం ఎత్తుకుంటే సగం ధర కన్నా కాస్త ఎక్కువకే ఇస్తానంటున్నాడు. మీ వదిన వద్దంటోంది. నాకూ ధైర్యం చాలడం లేదురా. నువ్వేమంటావ్?"

నిజంగానే అతని గొంతులో బెదురుంది. చిన్నల్లుడు అది పసిగట్టాడు. తను "ఏమో అన్నయ్యా, నాకు తెలీదు" అని లేచిపోతే, ఈ మనిషి ఇంకో రెండు రోజులు ఊగిసలాడి, పెళ్లాం మాట విని మానేస్తాడు. ఆ సంగతి అరచేతిలో గీతలా కనిపించింది. కడుపులోని నిప్పు ఒక్కసారి భగ్గుమంది.

"వద్దన్నయ్యా" అన్నాడు, ఎప్పుడూ లేనంత గట్టిగా. "ఒక్కటి కూడా కొనకు. ఇంకో రెండు నెలల్లో కొత్త తరం వస్తోంది. అదే ధరకి మెమరీ రెట్టింపు ఇస్తారు. ఇప్పుడొచ్చే ఆటలకి ఎనిమిది జీబీ సరిపోక ఊపిరాడక చస్తోంది. వాడు సగానికి ఎందుకిస్తున్నాడనుకుంటున్నావ్? వాడికి తెలుసు కాబట్టి. నా మాట విను. నీకు దండం పెడతాను, కొనకు."

అందులో అక్షరం అబద్ధం లేదు. అంత నిజాయితీగా అతను జన్మలో ఎవరికీ సలహా ఇచ్చి ఉండడు. పెద్దల్లుడి ముఖం మాత్రం మబ్బు తొలగినట్టు విప్పారింది. దండం కూడా పెడుతున్నాడంటే, ఈ బేరం మీద వీడి కన్నుందన్నమాట!

"సర్లే, సర్లే, ఆలోచిస్తాను" అంటూ అప్పటికప్పుడు లేచి, వసారాలోకి వెళ్లి హోల్‌సేలువాడికి ఫోను చేశాడు. మొత్తం తనకే కావాలన్నాడు. చిన్నల్లుడు ఆ మాట విని, మజ్జిగ ఇంకో గ్లాసు అడిగి తాగాడు.

తర్వాత కథ ఎలా నడవాలో అలాగే నడిచింది. కొత్త కార్డులు అనుకున్నదానికంటే ముందే దిగాయి, మెమరీ రెట్టింపుతో, పాతవాటి ధరకే. పెద్దల్లుడి దుకాణంలో పెట్టెలు పైకప్పు దాకా పేరుకుని, కూర్చోవడానికి కుర్చీ పట్టే చోటు లేకుండా పోయింది. కొనడానికి వచ్చిన కుర్రాళ్లు ఒకసారి ఆ గుట్టలు చూసి, తిన్నగా మెట్లెక్కి పైకి వచ్చేవారు. ఎవరు దొంగన్నా, ఎవరు కాదన్నా, ఫ్రేము లెక్క చెప్పే మనిషి ఊళ్లో ఇంకొకడు లేడు మరి. "కిందవి వద్దు" అని చిన్నల్లుడు చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ నోరు తియ్యనయ్యేది.

చివరికి ఒకరోజు పెద్దల్లుడే ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ముఖం పీక్కుపోయింది.

"తమ్ముడూ, శనివారం తగ్గింపు అమ్మకం పెడుతున్నాను. నువ్వొచ్చి బల్ల దగ్గర కూర్చోరా. నువ్వుంటే జనం కొంటారు. మునిగిపోయేలా ఉన్నాను."

"వస్తాను. ఎవరేం అడిగినా జవాబు చెబుతాను. కానీ ముందు నువ్వు చెప్పాల్సింది ఒకటుంది. ఆ పాత కార్డులు ఎవరు తెచ్చారో, ఎవరు సీలేశారో, అందరి ముందూ చెప్పాలి. చిట్టి కూడా అక్కడే ఉంటుంది."

పెద్దల్లుడు తలుపువైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "ఇంటికొచ్చి మీ ఆవిడ ముందు చెబుతాను. కాళ్లు పట్టుకుంటాను."

"ఆ అబద్ధం దుకాణంలోనే అన్నావు. దుకాణంలోనే చెప్పు."

శనివారం సాయంత్రం దుకాణం కిటకిటలాడింది. చిట్టి రానంటే రానని మొండికేసినా, బడి అయ్యాక తల్లి బతిమాలి పంపింది. చిన్నల్లుడు ఏడాది తర్వాత తన బల్ల వెనక కూర్చున్నాడు. పెద్దల్లుడు కౌంటరు ముందుకు వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా మొదలుపెట్టాడు.

"పోయినేడు చచ్చిపోయిన కార్డులు... అవి తెచ్చింది నేను. తుడిచి పెట్టెల్లో పెట్టింది నేను. మా తమ్ముడికి ఏమీ తెలీదు. వాడి మీద అబద్ధం చెప్పాను."

అతని భార్య బిల్లుల దగ్గర తల దించుకుంది. చిట్టి తండ్రివైపు చూసింది. ఎన్నాళ్లకో ఆ పిల్ల తనకేసి నేరుగా చూసేసరికి చిన్నల్లుడి కళ్లు చెమర్చాయి. ఇక్కడితో లేచి ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఎంత బాగుండేదో! కానీ ఏడాదిగా మండిన నిప్పు అంత తేలిగ్గా ఆరుతుందా?

ఆసుపత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన ఒక నర్సు, పెట్టె ఒకటి చేతిలో పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. డ్యూటీ అలసట తీర్చుకోవడానికి రోజూ ఆట ఆడతానని చెప్పింది. "అన్నా, ఈ ధరకి ఇది తీసుకోవచ్చా?"

దుకాణంలోవాళ్లంతా బల్ల చుట్టూ మూగారు. చిన్నల్లుడు పెట్టె విప్పి, కార్డు బిగించి, ఆమె ఆడే ఆటే నడిపించాడు. కాసేపు బాగానే పరుగెత్తింది. ఆటలో ఊరి వీధుల్లోకి వెళ్లగానే బొమ్మ ఆగి ఆగి, ఈడ్చుకుంటూ కదిలింది. అతను ధరను ఫ్రేములతో భాగించి పైకి చదివాడు. కొత్త కార్డు లెక్కా చదివాడు.

"వద్దమ్మా. ఇంకో నెల ఆగి కొత్తది తీసుకోండి."

ఆమె థాంక్స్ చెప్పి, ఖాళీ పెట్టె బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. ఆమె వెనకే ఒకరు, ఒకరి వెనక ఒకరు, చూస్తుండగానే దుకాణం ఖాళీ అయిపోయింది.

"నీ కళ్లు చల్లబడ్డాయిరా?" అన్నాడు పెద్దల్లుడు.

"చల్లబడ్డాయి" అన్నాడు చిన్నల్లుడు. దాచుకోవడమెందుకు, నిజంగానే చల్లబడ్డాయి. వదిన వచ్చి ఆ పెట్టె తీసుకుని, కార్డును మళ్లీ లోపల పెట్టి, మూత సరిగ్గా పడక రెండుసార్లు నొక్కింది.

తండ్రీ కూతుళ్లిద్దరూ ఇంటికి నడిచారు. చిన్నల్లుడి ఛాతీ విచ్చుకుంది. ఇక పిల్ల ఏదడిగినా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. వీధి మలుపు తిరిగాక చిట్టి అడగనే అడిగింది.

"నాన్నా, ఆ ఆదివారం పెదనాన్న అడిగినప్పుడు నువ్వేం మాట్లాడకుండా ఊరుకుంటే, ఆయన అవి కొనేవాడా?"

ఊళ్లో ఏ ఒక్కరికీ తట్టని సంగతది. "కొనేవాడు కాదేమో" అన్నాడు.

"నీకది అప్పుడే తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ తను అబద్ధమాడడని ఇందాకే కదా అంతమంది ముందు రుజువైంది. "తెలుసు" అన్నాడు.

పిల్ల ఒక రాయిని కాలితో తన్నుకుంటూ కొంతదూరం నడిచింది. తర్వాత చాలా మామూలుగా అడిగింది. "మరి నాకు నిజం చెప్పేటప్పుడు కూడా ముందే అలా లెక్కేసుకుంటావా?"

"లేదు చిట్టీ. ఒట్టు."

అది పచ్చి నిజం. చిట్టి ఆగి, తలెత్తి, ఆ ముఖంలో ఏముందో తేల్చుకోవాలన్నట్టు చాలాసేపు చూసింది. తేల్చుకోలేకపోయింది. పుస్తకాల సంచి సర్దుకుని, అతనికన్నా నాలుగడుగులు ముందు నడవసాగింది.