నిద్ర అని రాశారు

సబ్బునీళ్లలో ముంచిన కుంచెతో ఆమె వాల్వు అంచును రెండోసారి తడిపి, కళ్లద్దాలు పైకి తోసుకుని దగ్గరగా చూసింది. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత ఆవగింజంత బుడగ ఒకటి పుట్టి, శనగగింజంతై, పగిలింది. దాని వెనకే మరొకటి. నైట్రోజన్ ట్యాంకు నెత్తిమీది సేఫ్టీ వాల్వు కారుతోంది.

జేబుకు తగిలించుకున్న చిన్న మీటరు చూసుకుంది. ఇరవై పాయింట్ తొమ్మిది. బయటి గాలిలో ఆక్సిజన్ ఎంత ఉంటుందో ఇక్కడా అంతే ఉంది. తలుపు మూసుకుపోకుండా ఇటుక అడ్డం పెట్టి ఉంది. రెండు కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. ఈ గదిలో ఆమె పందొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది, ఒక్కసారి కూడా కూర్చోలేదు.

పాలపొడి డబ్బాల్లో మామూలు గాలి మిగిలితే పొడి ముక్కిపోతుంది. అందుకని గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి, ఉత్త నైట్రోజన్‌ను డబ్బాల్లో నింపుతారు. ఆ వేరుచేసే యంత్రాన్ని చూసుకోవడం ఆమె పని. నిలువెత్తు జంట స్తంభాలు. ఒకటి ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంటే రెండోది తను పట్టిందంతా బయటికి ఊసేస్తుంది. నిమిషానికోసారి వంతులు మారతాయి. మారినప్పుడల్లా చెవులు గింగురుమనేలా ‘ఫుస్స్’ మంటుంది. ఆ చప్పుడు అయ్యేదాకా మాట ఆపడం ఆమెకు ఎంత అలవాటైందంటే, ఇంట్లో కూడా మాట్లాడుతూ మాట్లాడుతూ నిమిషానికోసారి ఆగిపోతుంది. కొత్తగా చూసిన చుట్టాలు నత్తి అనుకుంటారు.

నలభై ఆరేళ్ల మనిషి. మగవాళ్ల కొలతకు కుట్టిన నీలం కోటు, చేతులు మూడు మడతలు. ఏ సబ్బుకూ పోని నలుపు గోళ్ల మొదళ్లలో. ఫ్యాక్టరీలో అందరూ గాలక్క అంటారు. “మావి గాలి కబుర్లు, అక్కది గాలి కాపురం” అని ప్యాకింగువాళ్ల హాస్యం.

ఆ కాపురం ముందు ఆమె భర్తది. అప్పట్లో ఈ గది పక్కనే మేనేజరు గది ఉండేది. ఆయన్ని పెద్దసారు అనేవాళ్లు. ‘ఫుస్స్’ మన్నప్పుడల్లా తలపోటు వస్తోందని ఆయన రెండు కిటికీలకూ చెక్కలు కొట్టించి, సందుల్లో గోనెపట్టాలు కుక్కించాడు. నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ట్యాంకు కారింది. నైట్రోజన్ గొంతు పట్టదు, దగ్గు తెప్పించదు. రెండు గుక్కలు పీల్చేలోపు మనిషి పడిపోతాడు. ఆమె భర్త ట్యాంకుకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, అచ్చం కునుకు తీస్తున్నట్టే దొరికాడు.

పెద్దసారు రాసిన రిపోర్టులో మూడే వాక్యాలు. డ్యూటీలో తలుపు మూసుకుని నిద్రపోయాడు. గ్యాసు కారడం గమనించలేదు. ప్రమాదానికి సొంత నిర్లక్ష్యమే కారణం. మూడోరోజుకల్లా కిటికీల చెక్కలు పీకించేశారు. రిపోర్టు అలాగే ఉండిపోయింది. ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. మొదట ఊడ్చే పని, తర్వాత నూనె పోసే పని, చివరికి యంత్రమే అప్పగించారు.

ఆ ప్రమాదానికి ముందురోజు రాత్రి ఆమె భర్తతో పోట్లాడింది, వేరు కాపురం పెడదామని. గోడ అవతల అత్తగారు అంతా వింది. రిపోర్టు చదివించుకున్న రోజున ఆవిడ ఏడవలేదు. “వాడి కంటిమీద కునుకు పడనిచ్చావా?” అంది. పందొమ్మిదేళ్లుగా ఆ మాట పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. వేరు కాపురం అడిగిన మనిషి ఆ అత్తగారితోనే రెండు గదుల ఇంట్లో ఉండిపోయింది.

పెద్దసారును ఆమె మూడుసార్లు అడిగింది, కిటికీలు నేనే మూయించానని ఒక్క మాట రాయమని. మూడుసార్లూ “చూద్దాంలేమ్మా” అన్నాడు. ఆరేళ్ల క్రితం రిటైరై వెళ్లిపోయాడు.

సూపర్‌వైజరు గుమ్మం బయటే నిలబడి కేకేశాడు.

“ఏంటక్కా, మళ్లీ ఏమన్నా పెట్టిందా?”

“వాల్వు కారుతోంది. మార్చాలి. గంటన్నర ఆపండి.”

“ఇప్పుడా? డబ్బాల లాటు నడుస్తోంది తల్లీ. పన్నెండుకి ఆపుతా.”

‘ఫుస్స్’. ఆమె ఆగి, అంది: “పన్నెండుదాకా ఈ గదిలోకి ఎవరూ రాకూడదు మరి.”

“నువ్వున్నావుగా కాపలా. చీమైనా దూరుతుందా?”

ఆమె గుమ్మంలో నిలబడింది. పదిన్నరకు ఫోను మోగింది. తెలియని నంబరు. ఏదో ఆడగొంతు, వెనక ఏదో మోత.

“నేను పెద్దసారు వాళ్లమ్మాయిని మాట్లాడుతున్నానండీ. నాన్న పొద్దున్నుంచీ మీ పేరే చెప్తున్నారు. ఇవాళ తప్పకుండా…”

‘ఫుస్స్’ మనడంతో మిగతాది వినబడలేదు. బయటికి పరిగెత్తేసరికి ఫోను కట్టయింది. వెంటనే చిరునామా మెసేజీగా వచ్చింది. ఆమె రెండు చేతులతో ఫోను పట్టుకుని ఎండలో నిలబడిపోయింది. చివరికి ఆయనకే గుర్తొచ్చిందన్నమాట. మంచాన పడ్డాడని విన్నది. మంచాన పడితే మనిషికి కొన్ని గుర్తొస్తాయి.

అత్తగారికి ఫోను చేసింది. “అత్తయ్యా, పెద్దసారు రమ్మన్నారు. ఆ సంగతికే అనుకుంటా.”

“నోటిమాటలు నాకొద్దు,” అంది అత్తగారు. “రాయించుకు రా. వాకిట్లోనే కూర్చుంటా. ఎవరిచేతన్నా చదివించుకుంటా.”

వెంటనే వెళ్లిపోవచ్చు. కానీ కారే వాల్వును వదిలి ఆమె వెళ్లలేదు. పన్నెండుకి యంత్రం ఆపారు. ట్యాంకులో ఒత్తిడి సున్నాకు దించి, పాత వాల్వు విప్పి, కొత్తది బిగించి, మళ్లీ ఒత్తిడి ఎక్కించి, సబ్బునీళ్లు రాసి అయిదు నిమిషాలు చూసింది. ఒక్క బుడగ లేదు. రిజిస్టరులో టైము రాసి సంతకం పెట్టేసరికి ఒంటిగంటన్నర. రెండింటికి డ్యూటీ దిగి బస్సెక్కింది. ఒడిలో చేతిసంచి, సంచిలో దారిలో కొన్న తెల్లకాగితాలు, పెన్ను.

తలుపు తీసిన కూతురు ఆమె చేతుల వంక చూసింది. “పనిముట్లు తెచ్చుకోలేదాండీ?”

“పనిముట్లా?”

“మిషన్ పొద్దున్నుంచీ కూతపెడుతోంది. కంపెనీవాళ్లు రేపొస్తామన్నారు. నాన్నేమో, గాలి మిషన్లయితే ఆవిడకే తెలుస్తుంది, ఆవిణ్ణి పిలు అని ఒకటే గొడవ. ఫోన్లో చెప్పాను కదా.”

ఆమె చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

పెద్దసారు మూడు దిండ్లకు ఒరిగి ఉన్నాడు. ఒకప్పుడు గుమ్మం నిండా నిలబడే మనిషి ఇప్పుడు దుప్పటి కింద మడతలా ఉన్నాడు. పెదవులు నీలం తిరిగాయి. ముక్కులోని సన్నగొట్టం మంచం దిగి, బీరువా సందులోకి పోయింది. అక్కడ గోడకు ఆనించి, మందపాటి దుప్పటి కప్పి, ఆక్సిజన్ మిషన్. దుప్పటి లోపలినుంచే కూత.

“దుప్పటి ఎందుకు కప్పారు?”

“నాన్నకి చప్పుడు పడదండీ, ముందునుంచీ.”

ఆమె దుప్పటి లాగేసింది. మిషన్‌ను సందులోంచి బయటికి ఈడ్చింది. వెనక జాలీ తెరిస్తే గాలి పీల్చుకునే చోట అరచేయంత స్పాంజి ముక్క, దుమ్ముతో బూడిదరంగు దుప్పటి ముక్కలా బిగుసుకుపోయి ఉంది. మిషన్‌తోపాటు వచ్చిన సంచిలో కొత్తది, కవరు కూడా విప్పకుండా పడి ఉంది. అది అమర్చింది. ఆక్సిజన్‌కు తడి పట్టించే నీళ్లసీసా మూత వదులుగా ఉంటే బిగించింది. మురికి ముక్కను కుళాయి కింద పిండి, పిండి, నలుపు దిగేదాకా ఉతికి కిటికీ గట్టుమీద పెట్టింది. ఆ కిటికీ కూడా తెరిచింది. పది నిమిషాల్లో కూత ఆగింది. పచ్చలైటు వెలిగింది. ఆయన పెదవులకు కాస్త రంగొచ్చింది.

కూతురు ఊపిరి పీల్చుకుంది. “కూర్చోండి, టీ పెడతా,” అని వంటగదిలోకి వెళ్లింది.

ఆమె మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచిలోంచి కాగితం తీసింది.

“సార్. ఆ కిటికీల సంగతి.”

ఆయన కళ్లు తిప్పి చూశాడు. మర్చిపోలేదు. ఆ చూపులోనే ఆమెకు తెలిసిపోయింది.

“ఆ చప్పుడు… భరించలేకపోయేవాణ్ణి,” అన్నాడు, మాటకు మాటకు మధ్య ఊపిరి వెతుక్కుంటూ. “నేనే మూయించా. నీ మొగుడు వద్దన్నాడు కూడా. రెండుసార్లు చెప్పాడు.”

వద్దన్నాడన్న సంగతి ఆమెకు ఇంతవరకూ తెలియదు.

“నిద్రపోలేదు కదా సార్?”

“నిద్రెక్కడిది. పడిపోయాడు.”

ఆమె పెన్ను మూత తీసి ఆయన వేళ్లమధ్య పెట్టబోయింది. వేళ్లు ముడుచుకోలేదు.

“కాగితం మీద పెట్టండి సార్. మా అత్తగారు వాకిట్లో కూర్చునుంది.”

“రేపు రామ్మా,” అన్నాడాయన. “ఇప్పుడే కాస్త ఊపిరాడుతోంది. పడుకోనీ. రేపు తప్పకుండా రాసిస్తా.”

కళ్లు మూసుకున్నాడు. ఆమె కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మిషన్ నిలకడగా ఆడుతోంది. కొంతసేపటికి ఆమె తల ఎత్తింది. నీళ్లసీసాలో బుడగలు వస్తూనే ఉన్నాయి, ఆయన ఛాతీ మాత్రం కదలడంలేదు. మీటరు చూసుకునే అలవాటుకొద్దీ చెయ్యి జేబుమీదికి పోయి, వెనక్కి వచ్చింది. ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

“అమ్మా,” అని పిలిచింది. రెండోసారి గట్టిగా పిలిచింది.

కూతురు పరుగున వచ్చింది, చూసింది, మంచం పట్టె పట్టుకుని కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. ఆమె పక్కన నిలబడి భుజంమీద చెయ్యివేసింది. ఏడుపు సద్దుమణిగాక కూతురే అంది: “నిద్రలోనే పోయారు. పొద్దున్నుంచీ ఎంత ఎగశ్వాసో. మీ చలవవల్ల చివర్లో హాయిగా పోయారండీ.”

“మీరు విన్నారా?” అంది ఆమె. “ఇందాక ఆయన నాతో అన్నది?”

“ఏమన్నారు?”

“వంటగది పక్కనే కదా. వినబడలేదా?”

“దుప్పటి తీసేశారు కదండీ. ఆ మోతలో నాకేం వినబడుతుంది?”

ఆమె వంగి మిషన్ స్విచ్చి ఆపింది. తెల్లకాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. కూతురు అప్పటికే ఎవరికో ఫోను చేసి, నిద్రలోనే, నిద్రలోనే అని చెబుతోంది. ఆమె గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది. బస్సు దిగాక ఇంటికి రెండు సందులు. అత్తగారు వాకిట్లో కూర్చుని ఉంటుంది.

కిటికీ గట్టుమీద, ఉతికిన స్పాంజి ముక్క ఇంకా ఆరలేదు. దాని కింద నుంచి సన్నటి నీటిధార గోడమీదికి దిగుతోంది.