మూలమలుపులో నా ఫ్లెక్సీ

మా ఇంట్లో ఏ శుభవార్త అయినా ముందు ఫ్లెక్సీ ఎక్కుతుంది, తర్వాతే మాకు అర్థమవుతుంది. మా బాబాయి ఎల్లేశం మూసాపేటలో ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణంలో పనిచేస్తాడు మరి. ఆయన చెల్లెలి కొడుకు తొలిసారి గుండు చేయించుకున్నా హఫీజ్‌పేట్‌లోని మా గల్లీ మూలమలుపులో ఆ గుండు వెలుగుతుంది.

నా ఇంటర్ రెండో ఏడు పరీక్షలయ్యాక, ఏప్రిల్లో నా పేరున ఓ రంగుల కవరు వచ్చింది. ఊరవతల ఎక్కడో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీది. లోపలున్న ఇంగ్లీషు ఉత్తరాన్ని మా నాన్నకు తెలుగులో చదివి వినిపించాను. "ప్రియమైన వర్షితా, మీ ప్రతిభను గుర్తించి మిమ్మల్ని ప్రత్యేకంగా ఎంపిక చేశాం. మీలాంటి వారి కోసమే ఎదురుచూస్తున్నాం."

నిజం చెప్పొద్దూ, పొంగిపోయాను. మా జూనియర్ కాలేజీలో మార్కులను బట్టి సెక్షన్లు చేస్తారు. రెండేళ్లూ నాది చివరి సెక్షనే. అక్కడ ఫ్యాను తిరిగినా గాలి రాదు, సారు వచ్చినా పాఠం రాదు. అలాంటి నన్ను ఎవరో ఏరి ఎంచుకున్నారు! ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకుని, ఎంట్రెన్సు పుస్తకాలను మొదటిసారి ఇష్టంగా తెరిచాను.

మా నాన్న కుమార్ హైటెక్ సిటీలో ఆఫీసు క్యాబు నడుపుతాడు. ఆయన ఊరుకుంటాడా? మర్నాడు పాలకని వెళ్తే మూలమలుపులో రెండు కరెంటు స్తంభాల మధ్య నేనే వేలాడుతున్నాను. "కాబోయే ఇంజనీరు కుమారి వర్షితకు హార్దిక శుభాకాంక్షలు." పదో తరగతి హాల్‌టికెట్టు ఫోటో, నిద్రమొహం. కింద చుట్టాలందరూ వరుసగా దండం పెడుతున్నారు. మా నాన్న తల నా తల కంటే పెద్దగా ఉంది.

"ఇంకా ఎంట్రెన్సే రాయలేదు కదా డాడీ!" అని మొత్తుకున్నాను.

"ఎంపిక చేసినమని వాళ్లే రాసిన్రు కదనే. ఇగ నీకేం ఫికర్?" అన్నాడు.

వారం తిరక్కుండానే కొరియర్ ఆయన మా గడప ముందు నిలబడి, "నర్సమ్మ గారంటే ఎవరు?" అని అడిగాడు. నర్సమ్మ మా నాయనమ్మ. బడి మొహం చూసిన మనిషి కాదు. అవే రంగులు, అదే కవరు. "ప్రియమైన నర్సమ్మా, మీ ప్రతిభను గుర్తించి..."

నాన్న నేల చూపులు చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా బయటపడింది. నేను లోపల ఇంటర్ పరీక్ష రాస్తుంటే, బయట ఎండలో నిలబడ్డ తల్లిదండ్రులకు ఆ కాలేజీవాళ్లు టోపీలు పంచారట. పిల్లల పేరు, అడ్రసు చెబితే ఒక టోపీ. నా పేరు చెప్పి ఒకటి పెట్టుకున్నాడు. ఇంటి దగ్గర నాయనమ్మకూ ఎండ తగులుతుంది కదా అని ఆమె పేరు కూడా చెప్పి ఇంకోటి తెచ్చాడు. నాయనమ్మ అప్పుడు కూడా ఆ నీలం టోపీలోనే ఉంది.

సంగతి విని ఆమె పడీపడీ నవ్వింది. "నా సీటైతే పక్కా అయింది. ఇగ నీదే తేలాలె పొల్లా!"

నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. టోపీకొకటి చొప్పున పంచిన ఉత్తరాన్ని నేను దిండు కింద దాచుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఎంట్రెన్సూ వద్దు, గింట్రెన్సూ వద్దని పుస్తకాలు అటకెక్కించాను. ఇంట్లో ఎవరెంత బతిమాలినా దించలేదు.

ఎంట్రెన్సు రోజు పొద్దున్నే నాన్న క్యాబు తుడిచి వాకిట్లో పెట్టాడు. నేను గడపలోనే కూలబడ్డాను.

"నేను రాయ. ముందు పోయి ఆ ఫ్లెక్సీ ఇప్పెయ్. గా లెటర్ నాకొక్కదానికే రాలేదు, అందరికీ వచ్చింది."

నాన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"లెటర్ అందరికొచ్చింది బిడ్డా. ఫ్లెక్సీ నీకొక్కదానికే కట్టిన."

గడపలోంచి లేచి చున్నీతో మొహం తుడుచుకున్నాను.

"అండ్ల నా తల కంటే నీ తలే పెద్దగున్నది" అన్నాను చివరికి.

"ర్యాంకు తే, నీది పెద్దగ కొట్టిస్త. జర జల్ది ఎక్కు."

హాల్‌టికెట్టు కోసం లోపలికి పరుగెత్తాను. అది అప్పటికే నాయనమ్మ చేతిలో ఉంది.