పెద్దాయన ఫోల్డరు

సాఫ్ట్‌వేర్‌ని ప్యాకేజీగా కట్టి పంపే ఆ గదిలో, ప్యాకేజీల అమ్మాయికి పొద్దుటి నుంచి పదిహేడోసారి బిల్డు, అంటే మెషీను ఆ ప్యాకేజీ కట్టే పని, ఫెయిలయింది. ఆమె ఐదింటి బస్సు అందుకోవాలి. తెల్లారితే అక్కకి గుండె ఆపరేషను. "బిల్డు పాసయితేనే సెలవు" అని మేనేజరు ముందే తెగేసి చెప్పాడు.

కోడ్‌లో తప్పేమీ లేదు. బిల్డు మెషీను చదువుకునే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అనే సెట్టింగుల్లో ఒకటి, తాత్కాలిక ఫైళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పేది, ఆఫీసులో అందరూ పెద్దాయన అని పిలిచే సీనియరు సొంత ఫోల్డరును చూపిస్తోంది. పెద్దాయన నిన్ననే రిటైరయ్యాడు. రూలు ప్రకారం ఆయన కంప్యూటరు ఖాతాతో పాటు ఫోల్డరూ పోయింది. లేని గదిలో సామాను దించమంటే మెషీను మాత్రం ఏం చేస్తుంది, పాపం?

"ఒక్క లైను మారిస్తే చాలండి," అంది.

మేనేజరు ఉలిక్కిపడ్డాడు. "పదకొండేళ్ళుగా ఉన్న లైనమ్మా అది! ముట్టుకుంటే కొరివితో తల గోక్కున్నట్టే. పెట్టినాయనే సంతకం చేసి మార్చాలి."

"ఆయన ఉద్యోగంలో లేరు కదండీ."

"అయితే మళ్ళీ తీసుకుందాం."

గోటితో పోయేదానికి గొడ్డలి తేవడం ఆ ఆఫీసు అలవాటు. విరిగిన కుర్చీ కాలు వేయించడానికి మూడు నెలలు పట్టిన చోట, రిటైరైన మనిషిని మళ్ళీ ఉద్యోగంలో పెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. పెద్దాయన కూరల సంచీతో, ఇంటి చెప్పులతోనే వచ్చాడు. ఆయన పేరిట ఖాతా తెరిచారు. ఖాతాతో పాటు ఫోల్డరూ దానంతటదే పుట్టింది. ఆయన టీ తాగేలోపు బిల్డు పాసయింది.

"ఇక లైను మార్చేద్దాం," అన్నాడు పెద్దాయన, కప్పు పక్కన పెడుతూ.

"పాసయిన బిల్డు జోలికి ఎవరైనా వెళ్తారా సార్?" మేనేజరు చేతులు జోడించాడు. "మీరు పనేమీ చెయ్యొద్దు. రిటైరు మాత్రం కావొద్దు."

అన్యాయమని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. నాలుగూ నలభై అయింది. లైను మారిస్తే మళ్ళీ సంతకాలు, మళ్ళీ బిల్డు. నోరు మూసుకుంది. సిగ్గేసింది. అయినా బ్యాగు భుజాన వేసుకుంది.

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "సోమవారం రాగానే ఆ లైను నేనే తీసేస్తాను బాబాయ్, ఒట్టు."

పెద్దాయన నవ్వాడు. "ముందు మీ అక్కని చూసుకో తల్లీ. పదకొండేళ్ళ కిందట ఆ రోజు, తాత్కాలిక ఫైళ్ళు పెట్టే డిస్కు నిండిపోయింది, మా అమ్మకి బాగాలేదని ఫోనొచ్చింది. నేనూ సోమవారం తీసేద్దామనే పెట్టాను."