అక్క కుట్టిన పట్టీ

బస్సు కదిలిపోతుంటే "పోనీలే, ఇంకోటి వస్తుంది" అని నిలబడిపోయే మనిషి, ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెడతానని నోరు జారింది. అదీ ఒక్కతే కాదు, కళ్లు కనబడని తమ్ముణ్ణి చేతికి కట్టుకుని. నోరు జారడంలో ఆమెకి చిన్నప్పటినుంచీ మంచి పేరే ఉంది కానీ, మరీ ఇంత దూరం ఎప్పుడూ జారలేదు.

వీధిలో అందరూ ఆమెని జిప్పులక్క అంటారు. మెట్ల కింద చిన్న కొట్టు, అందులో ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టనంత చోటు. కొత్త బట్టలు కుట్టదు. జిప్పులు మారుస్తుంది, పొడుగు ప్యాంట్లు మడిచి కుడుతుంది, ఒళ్లొచ్చినవాళ్ల నడుములు వదులు చేస్తుంది. తమ్ముడు బేకరీలో పిండి పిసుకుతాడు. వాడి చూపు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి, మూడేళ్ల కిందట మొత్తానికే పోయింది. పోయాక ఏడాదిపాటు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. "అన్నం చల్లారిపోతోంది, లేరా" అంటే "ఊఁ" అనేవాడు. లేచేవాడు కాదు. ఆ "ఊఁ" జిప్పులక్క ఇప్పటికీ మరిచిపోలేదు.

వాణ్ణి ఆ గదిలోంచి బయటికి లాగింది బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే స్నేహితుడు. ఇద్దరి మణికట్లకీ ఒక తాడు కట్టి, "నడవడం నీకు విసుగైతే పరిగెడదాం రా" అన్నాడు. పరిగెత్తడం మొదలెట్టాకే తమ్ముడు మళ్లీ పనికి వెళ్లాడు. కూరలో ఉప్పెక్కువైందని అక్కతో పోట్లాడాడు. ఆ పోట్లాట విని ఆమె వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది, అంత సంతోషం వేసింది. ఈ ఏడు ఇద్దరూ పెద్ద పందేనికి పేర్లిచ్చారు. ఇంకా రెండు నెలలుందనగా స్నేహితుడు పిండి బస్తా మోస్తూ జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చి, బూట్లు విప్పి మంచం కిందికి తోసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జిప్పులక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. "నేనొస్తాలేరా నీతో" అనేసింది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ మాట విని చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "నువ్వా? మన మేడలో లిఫ్టు ఆగిపోతే, నేనొచ్చి బాగుచేసేదాకా కింద కొట్లోనే కూర్చుంటావు కదే."

"మీరు నోరు మూసుకుంటారా కాస్త?" అంది. మంచం మీద తమ్ముడు ఇటు తిరిగాడు. అది చాలు ఆమెకి.

మొదటిరోజు వీధి చివర దీపపు స్తంభం దాకా వెళ్లేసరికే ఆమె గుండె గొంతులోకొచ్చింది. రొమ్ములో కుంపటి, పక్కలో పోటు. "నాలుగు నిమిషాలు కూడా కాలేదక్కా" అన్నాడు తమ్ముడు జాలిగా. "నువ్వు లెక్కలు ఆపరా ముందు" అంది, స్తంభాన్ని పట్టుకుని. కానీ మర్నాడూ వెళ్లింది, ఆ మర్నాడూ వెళ్లింది. కాస్త పరుగు, కాస్త నడక, కాస్త తిట్లు. మూడు వారాలకి నది పక్క రోడ్డు చివరిదాకా ఆగకుండా వెళ్లగలిగింది. కాళ్లు దారికొచ్చాయి. దారికి రానిది భయం.

ఒంటరిగా పరిగెత్తేవాళ్లకి పడితే తమ మోకాలే పోతుంది. ఆమెకి అలా కాదు. ప్రతి రాయీ, ప్రతి గుంటా, సందులోంచి తల బయటపెట్టే ప్రతి స్కూటరూ ముందు తన కళ్లలో పడాలి, పడ్డ మరుక్షణం నోట్లోంచి రావాలి. "మెట్టు. కుడికి. నీళ్లు. ఎడమకి." ఒక్కటి తప్పితే వాడు బోర్లా పడతాడు. ఆ ఆలోచన ఆమెని వదిలేది కాదు. అయినా గొంతులో మాత్రం తేనె పూసుకునేది. లారీ ఒరుసుకుంటూ పోయినా "ఏం లేదురా, రోడ్డు ఖాళీ" అనేది. వాడు భయపడితే ఆగిపోతాడు. ఆగిపోతే మళ్లీ ఆ గోడ.

అసలు సంగతి పట్టీ దగ్గరుంది. స్నేహితుడిచ్చిన నూలు తాడు వాడి మణికట్టుని ఒరిసి ఎర్రగా చేసింది. అక్క చూడలేకపోయింది. కొట్లో కూర్చుని, రెండు చివర్లా ఉచ్చులు పెట్టి, మెత్తటి గుడ్డ తొడిగి, లోపల నడుముకి వేసే వెడల్పాటి ఎలాస్టిక్ పెట్టి కొత్త పట్టీ కుట్టింది. ఇరవయ్యేళ్లుగా ఆమె చేసేది అదే. ఎక్కడ బిగుతుంటే అక్కడ ఎలాస్టిక్ వెయ్యడం, మనిషికి ఊపిరాడేలా చెయ్యడం. పట్టీ చూసుకుని మురిసిపోయింది. తమ్ముడు తొడుక్కుని, అటూ ఇటూ లాగి చూసి, "మెత్తగా ఉందక్కా" అన్నాడు. ఇంకేం అనలేదు.

పందెం ఇంకా రెండు వారాలుందనగా ఒక ఉదయం ఫ్యాక్టరీ గోడ పక్కన వెళ్తున్నారు. ఎదురుగా లారీ వస్తోంది. ఆమె కళ్లు లారీ మీదున్నాయి. కళ్లు కిందికి దించేసరికి రెండడుగుల్లో మురుగుకాలవ మూత లేదు. ఎవరో బాగుచెయ్యడానికి తీసి పక్కన పెట్టారు. నల్లగా నోరు తెరుచుకుని ఉంది.

"కుడికి!" అని అరిచి, బలంకొద్దీ లాగింది. చెయ్యి వచ్చింది. పట్టీ వచ్చింది. తమ్ముడు రాలేదు. పట్టీ సాగి, సాగి, వాణ్ణి లాగేలోపల వాడి కాలు గుంటలోకి దిగిపోయింది. మోకాలిదాకా దిగబడి, ముందుకి పడ్డాడు. గడ్డం అంచుకి తగిలింది. ఆ చప్పుడు ఆమె ఎముకల్లో వినబడింది.

"ఏం కాలేదక్కా, ఏడవకు" అన్నాడు, గడ్డం నుంచి నెత్తురు కారుతుంటే. అప్పటిదాకా తను ఏడుస్తున్నట్టు ఆమెకే తెలియదు.

గడ్డానికి కుట్లు పడ్డాయి. కాలికి ఏమీ కాలేదు. ఇంటికొచ్చి నెత్తురంటిన పట్టీ ఉతికింది. పిండడానికి రెండు చేతులా పట్టుకుని లాగితే, మూరెడు పట్టీ రెండు మూరలయింది. చూస్తూ నిలబడిపోయింది. కుళాయి పారుతూనే ఉంది. వాణ్ణి పడేసింది లారీ కాదు, మూత తీసినవాడూ కాదు. తను లాగిన లాగుడంతా ఆ ఎలాస్టిక్ తాగేసింది. వాడికి నొప్పి పుట్టకూడదని వేసిన ఎలాస్టిక్.

ఎవరికీ చెప్పలేదు. చెబితే వాడు ఇంకెప్పుడైనా తన చేతికి చెయ్యిస్తాడా? ఆ రోజే కొట్లో, పాత సంచీకున్న దళసరి నాడా కోసి, సాగనే సాగని పట్టీ కుట్టింది. "పాతది మాసిపోయిందిరా" అని చెప్పింది. వాడు కొత్త పట్టీని వేళ్లతో తడిమి "ఊఁ" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నప్పటి "ఊఁ" అది.

గాయం మానాక మళ్లీ బయల్దేరారు కానీ, ఆమెకిప్పుడు లోకమంతా గుంటలే. నీడ పడితే గుంట, తడి మరక గుంట, తారు అతుకు గుంట. "ఏం లేదురా, రోడ్డు ఖాళీ" అనే గొంతు తియ్యగానే ఉంది, చెయ్యి మాత్రం మాట వినడం లేదు.

"అక్కా, నీ చెయ్యి వణుకుతోంది" అన్నాడు వాడు ఒకరోజు.

"చలికి."

చెమటతో ఇద్దరి చొక్కాలూ ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. వాడు పరుగు వేగం తగ్గించాడు. ఆ వారమంతా తగ్గిస్తూనే వచ్చాడు.

పందేనికి ముందు సాయంత్రం కొట్టుకి వచ్చాడు. ఇస్త్రీ బల్లకి ఆనుకుని, "ఆ పాత పట్టీ ఉందా?" అని అడిగాడు. "రేపు దాంతోనే పరిగెడదాం."

"వద్దు."

"ఎందుకు?"

"మాసిపోయింది."

"ఉతకవే మరి."

ఇంక ఆమెకి ఆగలేదు. "అది సాగుతుందిరా! నేనే ఎలాస్టిక్ పెట్టి కుట్టాను. నువ్వు పడింది దానివల్లే. నావల్లే. తల పగిలి ఉంటే ఏమయ్యేది? నిన్ను నా చేత్తో చంపుకునేదాన్ని!" గొంతులో ఇన్నాళ్లు పూసుకున్న తేనె అంతా కారిపోయింది. మిషను మీద తలపెట్టి ఏడ్చింది.

తమ్ముడు "సాగుతుందని నాకు తెలుసు" అన్నాడు. "తొడిగిన రోజే తెలుసు. పొద్దస్తమానం పిండి పిసికేవాణ్ణి, సాగేదేదో సాగనిదేదో నాకు తెలియదా?"

"తెలిసి ఎందుకు నోరు మూసుకున్నావురా, వెధవా!"

"దాంట్లోంచి నీ భయం నాదాకా వచ్చేది కాదక్కా. నువ్వు ఏం లేదు అంటే, ఏం లేదనే అనుకునేవాణ్ణి. ఈ కొత్తదాంట్లో అడుగడుక్కీ నీ వణుకు నా చేతికొస్తోంది. నోటితో ఏం లేదంటావు, చెయ్యి ఏదో ఉందంటుంది. ఏముందో చెప్పవు. దానికంటే గుంటే నయం."

ఆమె మిషను సొరుగులోంచి పాత పట్టీ తీసి, బల్ల మీద కొత్తదాని పక్కన పెట్టింది. ఒకదాంతో వాడు పడొచ్చు. రెండోదాంతో వాడు ఆగిపోవచ్చు. జిప్పులక్క కళ్లు తుడుచుకుని పెద్ద కత్తెర తీసింది. బట్టకి తప్ప దేనికీ వాడనివ్వని కత్తెర, భర్త ఒకసారి దాంతో కాగితం కోస్తే మూడు రోజులు మాట్లాడలేదు. దాంతో ఎలాస్టిక్ పట్టీని అడ్డంగా కోసేసింది. కరకరమని చప్పుడైంది.

"ఏం చేశావు?"

"కోసేశాను. రేపట్నించి ఏం లేదు అని అనను. ఏముంటే అది చెబుతాను. నాకు భయమేస్తే భయమేస్తోందనే చెబుతాను. వస్తావా, రావా?"

వాడు వస్తాననలేదు. కొత్త పట్టీని వెతికి, చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.

తెల్లారింది. బయల్దేరే గీత దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. "చుట్టూ మనుషులున్నారు. నీ ముందు ఎర్ర చొక్కావాడు, ఒళ్లు విరుచుకుంటున్నాడు. నాకు గుండె దడదడలాడుతోంది" అని ఉన్నదున్నట్టు చెప్పింది. పట్టీ గజగజ వణుకుతోంది. సిగ్గేసి, ఎడం చేతిని కుడిచేత్తో అదిమి, కడుపుకి ఆనించి గట్టిగా పట్టుకుంది. తన చెయ్యి కదలడం లేదు. పట్టీ ఇంకా వణుకుతోంది.

అప్పుడు తమ్ముడి చేతికేసి చూసింది. వాడి మణికట్టు, వాడి వేళ్లు, మోచేతిదాకా వణుకుతున్నాయి. ముఖం మాత్రం చిరునవ్వుతో, నున్నగా, ఆమె "రోడ్డు ఖాళీ" అనేటప్పటి గొంతులా ఉంది. ఇన్ని రోజులూ ఈ వణుకులో ఎంత తనది, ఎంత వాడిది? వాడికే తెలియదేమో. ఆమెకి వాణ్ణి అక్కడే చంకనేసుకుని ఇంటికి తీసుకుపోవాలనిపించింది. ఈలోగా బయల్దేరమని ఈల వినబడింది, జనం కదిలారు.

పరిగెత్తారు. ఆమె నోరు మూయలేదు. "వంపు. భయంగా ఉంది, మెల్లిగా. కుడికి. నీళ్ల బల్ల. నా పక్కలో పోటు, ఆగను. మిట్ట." వంతెన దాటారు, పార్కు చుట్టొచ్చారు. కాళ్లు రాళ్లయ్యాయి. చివరి వీధిలోకి మళ్లారు. రెండు వైపులా తాళ్లు కట్టిన ఇరుకు దారి. ముందు వెళ్తున్నవాళ్ల కాళ్ల కింద ఇనప మూత ఒకటి ఢమ్మని మోగింది.

తమ్ముడు ఠక్కున ఆగిపోయాడు. వెనకనుంచి వచ్చేవాళ్లు తగిలి, తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు.

"మూతరా. మూసే ఉంది" అంది.

"ఊఁ."

"పక్కనుంచి పోదాం, రా."

"ఊఁ" అన్నాడు. కదల్లేదు. కుట్లు విప్పిన గడ్డం బిగుసుకుపోయింది. ముఖం కొంచెం కొంచెంగా పక్కకి, తాడువైపు, అక్క లేనివైపు తిరుగుతోంది.

ఆ తిరగడం ఆమెకి తెలుసు. ఏడాదిపాటు చూసింది. ఇక్కణ్ణించి ఇంటికెళ్తే వాడు ఎటు తిరిగి పడుకుంటాడో కూడా తెలుసు. మూతకేసి చూసింది. తుప్పు పట్టి, ఒక మూల కొంచెం లేచి ఉంది. దాని కింద ఎంత లోతో. 

"ఒక మూల లేచి ఉందిరా" అంది, ఉన్నదున్నట్టే. "నాకు చచ్చేంత భయంగా ఉంది. నేను ఎక్కుతున్నాను, విను."

పట్టీ బిగిసేదాకా వెళ్లి, మూత మధ్యలో నిలబడింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఒళ్లంతా బరువు చేసుకుని ఎగిరి దూకింది. ఢమ్మంది. మళ్లీ దూకింది. ఢమ్మంది. తాళ్ల అవతల జనం ఈ మనిషికేమైందా అని చూశారు.

"నన్నే మోసింది" అంది రొప్పుతూ. "నీదెంత బరువు?"

తమ్ముడి ముఖం ఇటు తిరిగింది. కుడికాలు చాచి, మునివేళ్లతో ఇనప అంచుని తడిమాడు. ఎక్కాడు. రెండో కాలు కూడా పెట్టి, అక్క పక్కన నిలబడ్డాడు. మూత ఒక మూల కదిలింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"తర్వాత ఏముంది?" అని అడిగాడు.

ఆమె కళ్లు తెరిచి చూసింది. "ఇంకో మూతుంది" అంది. "దాని తర్వాత ఇంకోటి."

"పద" అన్నాడు తమ్ముడు.