హాజిర్ అనని పిల్ల

నా తరగతిలో ముప్పై నలుగురు ఆడపిల్లలు. పొద్దున హాజరు తీసేటప్పుడు నాకు ముప్పై అయిదు గొంతులు వినిపించేవి. ఆఖరి పేరు పిలిచి, కలానికి మూత పెట్టేసరికి కిటికీ పక్క బెంచీ మీంచి ఇంకో గొంతు, సన్నగా, "ఉన్న పంతులమ్మా" అనేది. ఆ బెంచీ మీద ఎవరూ ఉండరు. కాలు విరిగిందని రెండేళ్ల కిందే దాన్ని గోడకు ఆనించి వదిలేశాము.

మా ఆయన విఠల్‌రావుకు చెబితే నవ్వారు. "ఏమే డాక్టరమ్మా, లేస్తే థీసిస్, పోతే బడి. చెవులు గుయ్యిమనక ఏం జేస్తయి?" అన్నారు. ఆయనకు జ్వరమొచ్చినా నవ్వే, పిడుగు పడ్డా నవ్వే. నాకు ఒళ్లు మండింది.

శాలిబండలోని ఆ ఆడపిల్లల బడిలో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. నాలుగేళ్ల కింద, ఉద్యోగం చేస్తూనే, విద్యాశాస్త్రంలో డాక్టరేటుకు పేరు నమోదు చేయించుకున్నాను. ఆడపిల్లలు బడి మధ్యలోనే ఎందుకు మానేస్తున్నారన్నది నా విషయం. బడి సామాన్ల గదిలో గుట్టగా పడి ఉన్న పాత రిజిస్టర్లు ఇంటికి మోసుకొచ్చి, పొయ్యి వెలిగించే ముందు ఒక గంట, బడిలో అన్నాల వేళ ఒక అరగంట, పేరు కొట్టేసిన ప్రతి పిల్లకూ ఒక కార్డు రాశాను. పేరు, తరగతి, బడి మానిన కారణం. మూడు వందల పది కార్డులయ్యాయి. కారణం గడిలో చాలావాటికి ఒకటే రాశాను: 'తల్లిదండ్రుల అశ్రద్ధ'. రిజిస్టరులో వరసగా పదిహేను రోజులు గైర్‌హాజరు కనబడుతుంటే ఇంకేం రాస్తారు ఎవరైనా?

నా గైడు సత్యనారాయణగారు మార్చి ముప్పై ఒకటి గడువు చెప్పారు. "ఆ తేదీ దాటితే మీ పేరు యూనివర్సిటీ కొట్టేస్తుంది రమాబాయిగారూ. మళ్లీ నా చేతిలో ఏమీ ఉండదు," అన్నారు.

ఫిబ్రవరిలో చివరి రిజిస్టరు తెరిచాను. పదమూడేళ్ల కిందటిది, ఉర్దూ మీడియం రోజులది. వచ్చిన పిల్లకు 'హె' అక్షరం, రాని పిల్లకు 'గైన్' అక్షరం. చేతిరాత నాదే. నాలుగో తరగతి, వరమ్మ, తండ్రి గుండయ్య. వరసగా పదిహేను గైన్‌లు. వాటి మీద ఎర్ర సిరాతో 'ఖారిజ్', అంటే పేరు తీసివేత. ఎర్ర సిరా గుమాస్తాది. నల్ల గైన్‌లు నావి.

ఆ పదిహేను రోజులూ వరమ్మ బడికి వచ్చింది. కిటికీ పక్క బెంచీ మీదే కూర్చుంది.

చెప్పేస్తాను, దాచుకుని ఏం లాభం. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, కొత్త ఉద్యోగం. తనిఖీకి పెద్ద మేడమ్ వస్తున్నారనీ, పేరు పిలిస్తే ప్రతి పిల్లా 'హాజిర్' అనే తీరాలనీ హుకుం వచ్చింది. అందరూ నేర్చుకున్నారు. వరమ్మ ఒక్కతే "ఉన్న పంతులమ్మా" అనేది. గదమాయించాను. చెయ్యి పట్టుకుని లేపి నిలబెట్టాను. తల దించుకుని మళ్లీ అదే మాట. "హాజిర్ అనకుంటే నువ్వు రానట్టే లెక్క," అని గైన్ వేశాను. బెదిరించడానికే వేశాను. రేపు అంటుంది, దిద్దేద్దాం అనుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్లతో పంతానికి దిగాను, బుద్ధి గడ్డి తిని.

పదహారో రోజున గుమాస్తా గైన్‌లు లెక్కపెట్టి పేరు కొట్టేశాడు. పిల్ల బడిలోనే ఉందయ్యా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే వచ్చిన పిల్లకు దొంగ గైర్‌హాజరు వేశానని నా ఉద్యోగానికే ముప్పు. నోరు మూసుకున్నాను. వరమ్మ ఇంకో మూడు రోజులు వచ్చింది. ఆఖరి పేరు అయ్యేదాకా నా మొహమే చూస్తూ కూర్చునేది. దాని పేరు రాలేదు. నాలుగో రోజు నుంచి అదీ రాలేదు. 

కొత్త కార్డు తీసి పేరు రాశాను. కారణం గడి దగ్గర కలం ఆగింది. మూడు వందల పది చోట్ల ఆగని కలం.

ఆదివారం పొద్దున, ప్రవేశాల పుస్తకంలోని చిరునామా పట్టుకుని పురానాపూల్ వెళ్లాను. బుట్టలల్లేవాళ్ల ఇళ్లు. గుమ్మంలో వెదురు చీలుస్తున్న ముసలామె తలెత్తింది. వరమ్మ తల్లి, కొమురమ్మ.

"ఎవలమ్మా? బుట్టలు కావాల్నా?"

"శాలిబండ బడి పంతులమ్మను. వరమ్మ ఎట్లున్నది?" అన్నాను.

ఆమె కత్తి కింద పెట్టింది. "గా హాజిర్ పంతులమ్మవు నువ్వేనా?"

పదమూడేళ్లుగా ఆ ఇంట్లో నా పేరు అదన్నమాట.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "దానిది తప్పు గాదమ్మా," అన్నది, నాకే సర్దిచెబుతున్నట్టు. "అడివిల వెదురు కొట్టిండని దాని నాయినను కచేరికి పిలిచిన్రు. అది అయిదేండ్ల పిల్ల, నా చెయ్యి పట్టుకొని బయట నిలబడ్డది. జవాను అచ్చి 'గుండయ్య హాజిర్ హై?' అని కేకేసిండు. ఈన 'హాజిర్' అన్నడు. లోపటికి తీస్కపోయిన్రు. మళ్ల రాలే, జైల్లనే పాయె. ఆ మాటంటే తీస్కపోతరని పిల్ల మనసుల పడ్డది. ఏం జెయ్యాలె చెప్పు?"

"నాతోని చెప్పలే గదమ్మా," అన్నాను.

"నువ్వు అడిగినవా?" అంది కొమురమ్మ.

నేను అడగలేదు.

లోపలి నుంచి కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఒకామె వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. క్షమించమనడానికి దారి పొడుగునా వల్లించుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. నోట్లోంచి పేరొక్కటే వచ్చింది. అదీ హాజరు తీస్తున్నట్టే వచ్చింది.

"వరమ్మ."

ఆమె చేతులు కట్టుకుని నిటారుగా నిలబడింది.

"హాజిర్," అంది.

ఆ తర్వాత మెల్లగా చెప్పింది. "మీరు నా పేరు పిలువని నాడే నేర్చుకున్న పంతులమ్మా. తీస్కపోతే తీస్కపోనీ, అందామనుకున్న. మూడు దినాలు నోట్లె పెట్టుకొని కూసున్న. మీరు మళ్ల పిలువలే."

గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. వరమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అది నాకు ఇంకా భరించరానిదైంది.

ఇంటికొచ్చి ఆ కార్డు పూర్తి చేశాను. కారణం: 'పిల్ల బడిలోనే ఉంది. పేరు పిలవలేదు.' ఆ తర్వాత మిగతా కట్టలకేసి చూశాను. వాటిలో ఎందరు బెంచీల మీద ఉండగానే రానివాళ్లయ్యారో రిజిస్టరు చెప్పదు. ఒక్కొక్క గుమ్మానికీ వెళ్లి అడగాలి.

సత్యనారాయణగారికి చెబితే నెత్తి కొట్టుకున్నారు. "మూడు వందల పదకొండులో ఒక్క కార్డు తప్పయితే ఏం మునిగిపోయిందమ్మా? సమర్పించండి."

"ఒక్కటేనని నాకు తెలియదు సార్."

"నాలుగేళ్ల కష్టం. పేరు కొట్టేస్తారు."

"కొట్టెయ్యనీయండి."

అన్నానే గాని, మార్చి ముప్పై ఒకటి పొద్దున కార్డుల కట్టలు సంచీలో సర్ది, మళ్లీ తీసి బల్ల మీద పెట్టాను. ఏప్రిల్‌లో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి పదకొండు ఇళ్లు తిరిగాను. ఉత్తరం చదివి మా ఆయన "ఏందే, నిన్నే ఖారిజ్ జేసిన్రా?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు.

మర్నాడు పొద్దున కూడా తరగతిలో హాజరు తీశాను. పురానాపూల్ వెళ్లొచ్చాక వరమ్మ గొంతు రావడం లేదు. ఆఖరి పేరు పిలిచాను, ఆ పిల్ల పలికింది, కలానికి మూత పెట్టాను. గదంతా సద్దు మణిగింది. అప్పుడు కిటికీ పక్క నుంచి, గోడ దగ్గరి నుంచి, వాకిలి అవతలి నుంచి, ఒకదాని మీద ఒకటి, కార్డుల మీద పేర్లు తెలిసి మొహాలు తెలియని పిల్లల గొంతులు మొదలయ్యాయి. "ఉన్న పంతులమ్మా. ఉన్న. ఉన్న." మూత తీసి, మళ్లీ మొదటి పేరు దగ్గరికి వెళ్లాను.